జ్యోతి పెళ్ళికి అడ్డుపడిందెవరు?

"మాలపల్లి" నవల గురించి మాట్లాడమంటే మనవాళ్ళు మాట్లాడే మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. జాతీయోద్యమాన్ని చిత్రించిన నవల, అస్పృశ్యతను ఎదిరించిన నవల, వాడుక భాషకు పట్టం కట్టిన నవల, తెల్లదొరలు నిషేధించిన నవల. అన్నీ నిజమే, కాదనను. కానీ వందేళ్ళుగా ఈ నాలుగు మాటలే అప్పజెప్పుకుంటూ వస్తున్నామే, ఆ పుస్తకంలో జ్యోతి అనే ఆడపిల్ల ఉందనీ, ఆ పిల్లకి అప్పాదాసు అనే బావ ఉన్నాడనీ, వాళ్ళిద్దరికీ జరగవలసిన పెళ్ళి జరగలేదనీ ఒక్కరూ చెప్పరేం?

నా మటుకు నాకు "మాలపల్లి" ఒక ప్రేమకథ కూడా. తెలుగులో ప్రేమకథలకు కరువేమీ లేదు. కరువల్లా అందులో అడ్డుపడేవాళ్ళకి. చూడండి, మన నవలల్లో ప్రేమికులకు అడ్డం వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఆ నలుగురే. పంతం పట్టిన తండ్రి, కట్నం లెక్కలు వేసే మేనత్త, జాతకం, కాకపోతే హీరోగారికి ఆఖరి ప్రకరణంలో హఠాత్తుగా వచ్చే జబ్బు. నేను వ్రాసిన సీరియల్సులోనూ వీళ్ళంతా ఒకళ్ళ తరువాత ఒకళ్ళు వచ్చి తమ వంతు పాత్ర పోషించి వెళ్ళినవాళ్ళే. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922 నాటికే వీళ్ళెవరినీ పిలవకుండా ప్రేమకథ నడిపారు. ఆయన కథలో అడ్డుపడింది ప్రభుత్వం. ప్రభుత్వమంటే గాంధీగారి ఉపన్యాసాల్లో వినబడే ప్రభుత్వం కాదు. తలుపు తట్టి లోపలికొచ్చి, ఇంట్లోవాళ్ళ పేర్లు రాసుకుపోయే ప్రభుత్వం.

రచయిత సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుంటే చాలు. ఉన్నవవారు 1877లో పుట్టి 1958లో పోయారు. డబ్లిన్‌లో బారిస్టరీ చదివి వచ్చిన మనిషి. గుంటూరులో వితంతు వివాహాలు చేయించిన మనిషి. భార్య లక్ష్మీబాయమ్మగారితో కలిసి శారదానికేతనం పెట్టి ఆడపిల్లలకు చదువు చెప్పించిన మనిషి. పల్నాటి అడవుల్లో పుల్లరి సత్యాగ్రహం జరిగిన రోజుల్లో, 1921లో, ఆయన్ని పట్టుకుని రాయవెల్లూరు జైలుకు పంపారు. "మాలపల్లి" ఆ జైలులో వ్రాసింది. దీనికే "సంగవిజయం" అని ఇంకో పేరు. 1922లో అచ్చయితే అట్టే కాలం గడవకుండానే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అణచివేత గురించిన నవలను అణచివేతలో కూర్చుని వ్రాయడమూ, వ్రాసినదాన్ని మళ్ళీ అణచివేయడమూ. ఏ రచయితా కావాలని కోరుకునే అదృష్టం కాదిది!

కథ చదవనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. మంగళాపురం అనే ఊరు. ఆ ఊరి మాలపల్లిలో రామదాసు. భక్తిపరుడు, వేదాంతం తెలిసినవాడు. భార్య మహాలక్ష్మి. పెద్దకొడుకు వెంకటదాసు, రెండోవాడు సంగదాసు, కూతురు జ్యోతి. సంగదాసు చౌదరయ్య అనే పెద్ద రైతు దగ్గర పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి వీడు ప్రాణస్నేహితుడు. కూలి తగాదా వచ్చి కూలీల తరఫున నిలబడ్డందుకు సంగదాసు చౌదరయ్య చేతి దెబ్బకు చచ్చిపోతాడు. తమ్ముడి చావు చూసిన వెంకటదాసు ఊరు విడిచి జగ్గడనే పేరుతో "ధర్మకన్నాలు" వేసి, ఉన్నవాళ్ళది లేనివాళ్ళకు పంచిపెట్టే దళానికి నాయకుడవుతాడు. మిగిలిన కుటుంబం మీద దొంగల ముద్ర పడుతుంది. వాళ్ళని సెటిల్మెంటుకు తోలతారు. అక్కడ పెత్తనం చేసేవాడి కన్ను జ్యోతి మీద పడుతుంది. జ్యోతీ దక్కదు, అప్పాదాసూ దక్కడు.

ఇదీ అస్థిపంజరం. నేను చెప్పదలుచుకున్నది ఇందులోని ప్రేమను నవలాకారుడు ఎక్కడ పెట్టాడు, ఎలా పెట్టాడు అని.

అప్పాదాసు రామదాసుకు మేనల్లుడు. అంటే జ్యోతికి వరసైన బావ. దీన్ని తేలిగ్గా తీసిపారేయకండి. మన సమాజంలో మేనరికానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పిల్ల పుట్టగానే "అదుగో నీ పెళ్ళాం" అని ఉయ్యాల దగ్గరే పరాచికాలాడతారు. కులం ఒకటే, ఇల్లు ఒకటే, పెంపకం ఒకటే. కట్నాల బేరం లేదు, పెద్దల పంతం లేదు. ప్రేమికులకు ఎదురయ్యే ఇంటి అడ్డంకులన్నిటినీ ఉన్నవవారు ముందుగానే ఒక్కొక్కటే ఊడబెరికి పక్కన పడేశారన్నమాట. అలా పడేశాక కూడా ఆ పెళ్ళి జరగలేదంటే, ఇంక మిగిలింది ఏమిటో పాఠకుడు తనంతట తానే వెతుక్కోవాలి. ఇది శిల్పం కాదూ? ఆయనకు శిల్పం తెలియదనీ, ఉపన్యాసాలు మాత్రమే తెలుసుననీ అనేవాళ్ళు ఈ ఒక్క ఏర్పాటు మీద కాసేపు ఆగితే బాగుండును.

ఆ సెటిల్మెంటు సంగతి ఈ కాలపు పిల్లలకు తెలియదు. నేరస్థ జాతుల చట్టమని ఒకటుండేది. 1871లో ఉత్తరాదిన మొదలుపెట్టి, 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ తెచ్చారు. దాని ప్రకారం ఒక మనిషి నేరం చేశాడని రుజువు కానక్కర్లేదు. ఫలానా గుంపు నేరస్థుల గుంపు అని సర్కారు ప్రకటిస్తే చాలు. పొత్తిళ్ళలో బిడ్డ దగ్గర్నుంచి మూలనున్న ముసలమ్మ దాకా అందరూ నేరస్థులే. హాజరు పట్టీలో పేరు పలకాలి, పొలిమేర దాటాలంటే పాసు కావాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిందే. దాన్ని నడిపే పని ముక్తిఫౌజు వారికి అప్పగించారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. అంటే స్వరాజ్యం వచ్చిన అయిదేళ్ళకు!

ఇప్పుడు ఆ పొలిమేరలో జ్యోతిని ఊహించుకోండి. పాసు లేకుండా బయటికి పోకూడని పిల్ల. హాజరు పిలిచేవాడి చేతిలోనే అన్నం, పని, శిక్ష, క్షమ అన్నీ ఉంటాయి. వాడికి ఆ పిల్ల మీద మనసయితే ఆ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి? మనం సినిమాల్లో చూసే దుర్మార్గుడికైతే ఊళ్ళో నలుగురి భయమో, తల్లిదండ్రుల భయమో కాస్తంత ఉంటుంది. ఈ దుర్మార్గుడికి భయం అక్కర్లేదు, ఎందుకంటే వాడి దుర్మార్గం రిజిస్టరు కట్టలోనే ఉంది. వాడు మంచివాడైతే ఆ సెటిల్మెంటు మంచిదయ్యేదా? కాదు. ఆ సంగతి మనకి స్ఫురించేటట్లు వ్రాయడమే కష్టం. మనిషిని తిట్టడం సులువు. ఏర్పాటును కథలో చూపించడం ఎంత కష్టమో వ్రాసేవాళ్ళకు తెలుసు.

ఒకసారి తాడేపల్లిగూడెంలో గ్రంథాలయ వారోత్సవాలకి పిలిస్తే వెళ్ళి ఈ నవల మీదే మాట్లాడాను. సభ అయ్యాక ఒక చిన్న టీచరమ్మ లేచి, "ప్రేమకథ అయితే ప్రేమకథే వ్రాయొచ్చు కదండీ మేడం, మధ్యలో ఈ కూలి తగాదాలూ, కోర్టులూ, సెటిల్మెంట్లూ ఎందుకండీ? చదువుతున్న మనసు చెదిరిపోదూ?" అని అడిగింది. బాగా అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపే ముందువరసలో కూర్చున్న ఒక పెద్దావిడ, "మధ్యలో రావడమేవిటమ్మా, వాటి మధ్యలోకే ఈ పిల్ల వచ్చింది," అనేశారు. హాలంతా నవ్వులు. నేను పది పేజీలు వ్రాసుకుపోయిన కాగితాలు మడిచి సంచీలో పెట్టుకున్నాను.

అసలు టీచరమ్మ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. ప్రేమ అనేది మనిషి లోపలిదీ, రాజకీయం బయటిదీ అని. ఇది ఇల్లూ వాకిలీ భద్రంగా ఉన్నవాళ్ళ నమ్మకం. ఇదే నవలలో దానికీ సాక్ష్యం ఉంది. రామానాయుడి భార్య కమల మోహనరావు అనేవాడి మాయలో పడి ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. 1922లో రైతు కుటుంబపు కోడలు గడప దాటడమనేది సామాన్యమైన ఘట్టం కాదు. కానీ గమనించారా, కమల తప్పో ఒప్పో, కష్టమో సుఖమో, అది కమలదే. ఆమె కోరుకుంది, వెళ్ళింది, అనుభవించింది. ఆమె ప్రేమకథ నిజంగా మనసు కథ. జ్యోతికి అలాంటి కథ ఉండే వీలే లేదు. కమలకు దాటడానికి గడప ఉంది, జ్యోతికి ఉన్నది కంచె. ఈ రెండు కథల్నీ ఒకే పుస్తకంలో నడపడం అనవసరమైన పిల్లకథ అని విమర్శించినవాళ్ళున్నారు. కమల భాగం సాగదీశారంటే నేనూ ఒప్పుకుంటాను. అనవసరం అంటే మాత్రం ఒప్పుకోను. ప్రేమ అన్న ఒకే మాటకు ఊళ్ళో ఒకర్థం, మాలపల్లిలో ఇంకో అర్థం ఎలా వస్తుందో ఆ రెంటినీ పక్కపక్కన పెడితేనే కదా తెలిసేది.

ఇంకో సంగతి చెబితే మీరు నవ్వుతారేమో. ఈ నవలలో నన్ను బాగా కదిలించిన ప్రేమ జ్యోతీ అప్పాదాసులదీ కాదు, కమలది అసలే కాదు. సంగదాసు, రామానాయుడులది. యజమాని కొడుకూ, ఇంటి పాలేరూ. వాళ్ళది స్నేహమే, కానీ ఆ స్నేహంలో ప్రేమకథకు కావలసినవన్నీ ఉన్నాయి. కలవకూడని ఇళ్ళు, తండ్రి కోపం, ఊరి గుసగుసలు, చివరికి తండ్రి చేతిలో స్నేహితుడి చావు. కన్నతండ్రి హంతకుడయ్యాడు, చచ్చినవాడు ప్రాణమిత్రుడు. ఇప్పుడు ఆ కొడుకు ఏం చెయ్యాలి? రామానాయుడు ఆ తరువాత బ్రతికిన బ్రతుకంతా ఈ ప్రశ్నకు జవాబే. సంగదాసు కథలోంచి త్వరగానే వెళ్ళిపోతాడు, కానీ పుస్తకానికి రెండో పేరు అతనిదే అయింది. లేని మనిషి చుట్టూ ఉన్నవాళ్ళ జీవితాలు తిరగడమనే పద్ధతి ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. వందేళ్ళ కిందట జైల్లో కూర్చుని, చుట్టూ నిఘంటువూ గ్రంథాలయమూ లేకుండా వాడారాయన.

భాష గురించి చెప్పకుండా ఈ నవల గురించి చెప్పినట్టు కాదు. అవి గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం ఊరూరా తిరిగి వాదిస్తున్న రోజులు. పండితులు "ఇదేం తెలుగు, ముట్టుకుంటే మైల" అంటున్న రోజులు. అటువంటప్పుడు ఉన్నవవారు గుంటూరు సీమ పల్లెల్లో రైతులూ కూలీలూ ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడించారు. మా ఏలూరు వైపు మేము ప్రతి మాటకూ "అండీ" తగిలించి మర్యాద ముగిస్తాం. ఆ మంగళాపురం మాటల్లో ఆ మెత్తదనం లేదు. విరుపు ఉంది, ఎకసెక్కం ఉంది. చిన్నప్పుడు చదివినప్పుడు కాస్త మోటు అనిపించింది కూడా. ఇప్పుడు చదువుతుంటే ఇంకో తమాషా కనిపిస్తోంది. పల్లెవాళ్ళ మాటల మధ్యకి సమను, వారంటు, పంచనామా, వాంగ్మూలం, జప్తు లాంటి మాటలు వచ్చి పడుతుంటాయి. ఆ మాటలు పలికినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు ఒక్క క్షణం మూగవాళ్ళవుతారు. అమ్మా, బావా, కూడూ, నీళ్ళూ అన్న మాటలతో అల్లుకున్న ఇంట్లోకి పోలీసువాడి కంటే ముందు పోలీసువాడి భాష వస్తుంది. ప్రేమ వాడుక భాషలో ఉంది, అధికారం కాగితం భాషలో ఉంది. వాడుక భాషోద్యమం గురించి ఎన్ని వ్యాసాలు చదివినా నాకు తట్టని సంగతి మహాలక్ష్మి ఏడుపులో తట్టింది.

మరి లోపాలు లేవా అంటారా? బోలెడు. మొహమాటం లేకుండా చెప్పాలంటే కొన్ని ప్రకరణాలు నాకు నిద్ర తెప్పించాయి. రామదాసు వేదాంతం మొదలుపెడితే ఆపేవాళ్ళుండరు. రాజకీయ సిద్ధాంతాల మీద చర్చ వచ్చిందంటే కథ కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు ఆ కుటుంబపు సాధుత్వం. మాలపల్లి మీద సానుభూతి కలగాలంటే ఆ ఇంట్లోవాళ్ళు శుద్ధ వైష్ణవుల్లా, భజనలు చేసుకుంటూ, పల్లెత్తు మాట అనకుండా ఉండాలా? తాగి తందనాలాడి, పెళ్ళాంతో పోట్లాడే మాలవాడైతే అతన్ని సెటిల్మెంటుకు తోలడం న్యాయమైపోతుందా? దళిత రచయితలు, విమర్శకులు ఈ ప్రశ్న వేశారు. సరిగ్గానే వేశారు. బ్రాహ్మణ బారిస్టరుగారు తన పాఠకులు ఎవరో తెలిసి, వాళ్ళు లోపలికి రావడానికి వీలుగా రామదాసు ఇంటి ముందు కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టారు. ఆ ముగ్గు వల్ల పాఠకులు వచ్చారు. దాని వల్లనే జ్యోతి కూడా కొంత మసకబారింది. ఆ పిల్లకి ఓ కోపం, ఓ పెంకితనం, ఓ దొంగచూపు పెడితే పోయేదేముంది? పెట్టలేదు. అందుకే ఆమె చావు మనల్ని ఏడిపించినంతగా ఆమె బ్రతుకు మనకి గుర్తుండదు. నవలాకారిణిగా ఆయన మీద నా ఫిర్యాదు ఇదొక్కటే, కానీ చిన్నది కాదు.

ఆ లోటు తీర్చినవాళ్ళు తరువాత వచ్చారు. దాశరథి రంగాచార్యగారి "చిల్లర దేవుళ్లు" 1969లో వచ్చింది. నిజాం కాలపు తెలంగాణా పల్లె, దేశముఖు గడీ. పాట పాడుకుని బ్రతుకుదామని ఆంధ్ర నుంచి వచ్చిన పాణి, దొర కూతురు మంజరి. వీళ్ళ ప్రేమ సంగతి అలా ఉంచండి, అది సంగీతం పాఠాల చాటున పెరిగే అందమైన ప్రేమే. ఆ గడీలోనే వనజ అని ఒక ఆడబాప ఉంది. దొరల ఇళ్ళలో పెళ్ళికూతురి వెంట సారెతోపాటు పంపే దాసిపిల్లను ఆడబాప అంటారు. వనజకూ మనసుంది, అదీ కోరుకుంటుంది. రంగాచార్యగారు ఆ పిల్లని సాధ్విని చేసి పూజలో కూర్చోబెట్టలేదు. గడీ గోడల మధ్య, ఒక ఆడమనిషి శరీరం ఇంకొకరి ఆస్తి అయిపోయినచోట, ప్రేమ అనే మాటకు ఎంత చోటుంటుందో వనజను చూస్తే తెలుస్తుంది. జ్యోతిలో నాకు దొరకని రక్తమాంసాలు వనజలో దొరికాయి.

దేశాంతరం పోతే ఈ దారిలో చాలా నవలలున్నాయి. చిలీ దేశపు రచయిత్రి ఇసబెల్ అయెందే "ప్రేమా నీడలూ" అని అర్థం వచ్చే నవల ఒకటి 1984లో వ్రాసింది. సైనిక ప్రభుత్వం నడుస్తున్న రోజులు. పత్రికలో పనిచేసే ఐరీన్, ఫొటోలు తీసే ఫ్రాన్సిస్కో. ఒక పల్లెపిల్ల మాయమైతే ఆచూకీ తీస్తూ వెళ్ళి, పాడుబడ్డ గనిలో దాచిన శవాలను కనిపెడతారు. 1978లో లోన్కెన్ అనే చోట సున్నపు బట్టీల్లో రైతుల శవాలు నిజంగానే బయటపడ్డాయి. నవలకు మూలం అదే. మంచి నవల, చెయ్యి తిరిగిన రచన. కానీ చివర్లో ఆ ప్రేమికులిద్దరూ సరిహద్దు దాటి దేశం విడిచిపోతారు. అది చదివినప్పుడు నాకు జ్యోతీ అప్పాదాసులే గుర్తొచ్చారు. వాళ్ళకి దాటడానికి ఏ సరిహద్దు ఉంది? పక్క ఊరికి పోవాలంటేనే పాసు కావాలే! ఐరీన్‌కు తెలిసినవాళ్ళున్నారు, చదువుంది, పేరుంది. అణచివేత కింద ప్రేమ అంటే మనకు ముందుగా గుర్తొచ్చే ప్రపంచ నవలలన్నీ చాలావరకు చదువుకున్నవాళ్ళ ప్రేమలే. "డాక్టర్ జివాగో" చూడండి. అందులో అంత మంచు, అంత విప్లవం, అంత విరహం. 1957లో ఇటలీలో అచ్చయి, సొంత దేశంలో 1988 దాకా అచ్చుకు నోచుకోని నవల అది. అందులోనూ హీరో డాక్టరూ, కవీను. ఊరి చివర గుడిసెలో పిల్ల ప్రేమను అణచివేత ఏం చేసిందని 1922లోనే అడిగిన నవల మన భాషలో ఉంది. మనం దాన్ని పరీక్షలకు చదివి మరచిపోయాం.

ఇంతగా ఎందుకు పట్టుకున్నానంటే దీనికి నా సొంత స్వార్థం ఉంది. కొల్లేటి ఊళ్ళ మీద నవల ఒకటి మొదలుపెట్టి మూడేళ్ళయింది, తెమలడం లేదు. కొల్లేరు మీకు తెలుసుగా. కృష్ణా గోదావరుల మధ్య పళ్ళెంలాంటి పల్లం. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిపోసిన నీళ్ళు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. 1999లో ఈ సరస్సును అభయారణ్యమన్నారు. 2006లో సర్కారు పొక్లెయిన్లూ మందుగుండూ తెచ్చి చేపల చెరువుల గట్లు కొట్టించింది. అది అవసరమా అంటే అవసరమే. సరస్సును చెరువులుగా కోసేసి, డబ్బున్నవాళ్ళు ఎక్కడెక్కడినుంచో వచ్చి ఆక్రమించుకున్నారు. పక్షులకు చోటు లేదు, వరద వస్తే నీటికి దారి లేదు. చట్టం పక్షాన న్యాయముంది.

ఆ తరువాత కొన్నాళ్ళకి ఒక లంక ఊళ్ళో, నా నవల కోసం వివరాలడుగుతూ తిరుగుతుంటే, చేపలు ఎండబెడుతున్న ఒకామె నాతో అంది: "గట్టు కొట్టేశారండి. మాకందులో ఉన్నది అరెకరం వాటా అండి. అది చూసే పిల్లనిత్తానన్నారండి మా తమ్ముడికి. గట్టు పోయింది, సంబంధమూ పోయిందండి. ఆ పిల్లంటే ఆడికి పేణం అండి." అంతే అంది. చేపలు తిరగేసుకోవడంలో పడిపోయింది. పెద్దవాళ్ళ వందల ఎకరాల గట్టూ, ఈమె అరెకరం గట్టూ ఒకే రోజు ఒకే శబ్దంతో పోయాయి. పెద్దవాళ్ళు ఇంకోచోట తవ్వుకున్నారు. ఈమె తమ్ముడు వలసపోయాడు.

ఇక్కడే నాకు కలం సాగడం లేదు. ఉన్నవవారికి ఒక సౌకర్యం ఉంది: ఆయన కథలో చట్టం దుర్మార్గమైనది. నా కథలో చట్టం మంచిది, దాని వల్ల పోయింది మాత్రం ఒక పెళ్ళి. మంచి చట్టాన్ని తిట్టకుండా, ఆ పిల్లాడి దుఃఖాన్ని చిన్నది చెయ్యకుండా ఎలా వ్రాయాలి? కొల్లేటి కాగితానికీ సెటిల్మెంటు కాగితానికీ పోలికే లేదు, ఆ తేడా నేను చెరపకూడదు. కానీ ఆ పూరింటి గుమ్మంలో నిలబడి చూస్తే రెండు కాగితాలకూ ఒకే రకమైన ముద్ర ఉంటుంది, రెండూ వాళ్ళకి చదవడం రాని భాషలోనే ఉంటాయి. ఆ గుమ్మంలో నిలబడడం ఎలాగో నేర్చుకుందామనే "మాలపల్లి" మళ్ళీ తీశాను. పైనుంచి న్యాయం చెప్పకుండా, గుమ్మంలోంచి కథ చెప్పిన పేజీలు అందులో ఉన్నాయి. ఉపన్యాసాలు లేని పేజీలు. అవే నిలబడ్డాయి.

నిషేధం గురించి ఒక మాట. ఇందులో బోల్షివిక్ వాసన ఉందని ప్రభుత్వం భయపడింది. రష్యాలో విప్లవం వచ్చి అప్పటికి అయిదేళ్ళు. కూలీలు జట్టు కట్టడం, దోచి పంచడం, న్యాయస్థానంలో నిలబడి దొరతనాన్ని నిలదీయడం చూసి వాళ్ళు బెదిరారంటే ఆశ్చర్యం లేదు. ఆ తరువాత ఆంక్ష సడలింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంవారు పాఠ్యపుస్తకంగా పెట్టారు. అంతే, 1936లో మళ్ళీ నిషేధం! రాజాజీగారి కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక 1937లో గానీ అది తొలగలేదు. పుస్తకంగా ఉన్నంతకాలం చూసీ చూడనట్టు ఊరుకోగలిగిన సర్కారు, అది కాలేజీ కుర్రాళ్ళ చేతుల్లోకి, పద్దెనిమిది ఇరవై ఏళ్ళవాళ్ళ చేతుల్లోకి వెళ్తుందనగానే ఉలిక్కిపడింది చూశారా. ఆ వయసువాళ్ళు కూలి రేట్ల లెక్కలు దాటేసినా దాటేస్తారు. జ్యోతి దగ్గర మాత్రం ఆగుతారు. సర్కారువారి రహస్య ఫైళ్ళలో ఈ ముక్క ఉందని నేననడం లేదు. నాకు తోచింది చెప్పాను.

చదవబోయేవాళ్ళకి నా సలహా. లావు చూసి జడవకండి. మొదటి భాగంలో వేదాంత చర్చ వచ్చినచోట పేజీలు తిప్పేస్తే ఉన్నవవారేం అనుకోరు. సంగదాసు చావు దగ్గర మాత్రం నెమ్మదిగా చదవండి. సెటిల్మెంటు ప్రకరణాలు పగటిపూట చదవండి, రాత్రి చదివితే నిద్రపట్టదు. వీలైతే ఇంట్లో పెళ్ళీడు పిల్లలున్నప్పుడు, పక్కన కూర్చోబెట్టుకుని, పైకి చదవండి. ఆ గుంటూరు మాటలు కంటితో చదివేవి కావు.